రివెట్టాలో పిలుపు

ఏటా అక్టోబరు మొదటి ఆదివారం మా లోయలో జనం పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక చుట్టుబాట నడుస్తారు. చర్చి దగ్గర మొదలై, అడవిలోకి ఎక్కి, మూడు పాత పల్లెలు దాటి, మళ్ళీ చర్చి దగ్గరకే దిగే దారి అది. మా చెల్లెలు డెల్ఫీనా ఉన్నన్నాళ్ళూ మేం ఏ ఏడూ మానలేదు. మొన్న ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఈసారి వద్దనుకున్నాం. దాని కూతురు నోయెమి వింటేనా! ఏడేళ్ళ పిల్ల, పొద్దున్నే బూట్లు తొడుక్కుని గుమ్మంలో బైఠాయించింది.

దాంతో నేనూ, నోయెమీ, వాళ్ళ నాన్న లివియో బయల్దేరాం.

ఎండ కాస్తోంది. లార్చ్ చెట్లు పసుపు రంగుకి తిరిగి, సూదుల్లాంటి ఆకుల్ని మా మీద రాలుస్తున్నాయి.

"నాన్నా, ముసలి గాడిదలా రొప్పుతున్నావేంటి?"

"గాడిద వీపు మీద మోస్తున్నది నీ తిండి మూటే కదే తల్లీ!"

డెల్ఫీనా పోయాక లివియో నోట వేళాకోళం వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో పల్లె దాటాక పొగమంచు పట్టుకుంది. మెల్లగా, లోయలోంచి పాకుతూ పైకొచ్చింది. పక్షులు ఊరుకున్నాయి. తడి నాచు వాసన. మూడో పల్లె రివెట్టాకి చేరేసరికి ఎదుటి ఇల్లు కూడా మసక మసకగా ఉంది. అక్కడ ఎవరూ ఉండరు. రాతి పలకల కప్పులు, నల్లబడ్డ చెక్క గోడలు, మూసేసిన కిటికీలు... అంతే.

అప్పుడు వినిపించింది.

దగ్గు.

రెండుసార్లు పొడిగా. తర్వాత ఒకటి పొడుగ్గా... చివర్లో ఊపిరి అందక చిన్న ఈల.

ఆ దగ్గు నాకు తెలుసు. చలికాలమంతా పక్క గదిలోంచి విన్నాను. దాని వెంటే వాసన వచ్చింది. ఛాతీకి రాసిన కర్పూరం మందు వాసన.

లివియో కదలకుండా నిలబడిపోయాడు. "వదినా... విన్నావా?"

"విన్నాను. నడు, పోదాం."

చివరి ఇంటి తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి సన్నగా...

"లివియో... చలేస్తోంది."

అతని ముఖం పాలిపోయింది. డెల్ఫీనా పోయిన పూట అతను ఆసుపత్రిలో లేడు. నేనే బలవంతపెట్టి ఇంటికి పంపాను, కాసేపు నిద్రపొమ్మని.

"ఆ వేళ నేను పక్కన లేను వదినా. ఇవాళైనా..."

"అది డెల్ఫీనా కాదు."

"నీకెలా తెలుసు?"

నోయెమి నా చేతిని గట్టిగా పట్టుకుంది. దాని వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"అమ్మ కాదు నాన్నా," అంది గుసగుసగా. "అమ్మయితే ముందు నన్ను పిలిచేది."

లివియో వంగి కూతురి తల మీద ముద్దు పెట్టాడు. ఏడుస్తున్నాడు. "పాపని కిందికి తీసుకుపో వదినా. వెనకాలే వస్తాను."

అరిచాను. చెయ్యి పట్టి లాగాను. విదిలించుకుని వెళ్ళిపోయాడు. తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టాడు. తలుపు మూసుకుంది... చప్పుడు లేకుండా.

నోయెమిని ఎత్తుకుని దిగాను. చర్చి గోడ కనబడేదాకా వెనక్కి చూడలేదు. అక్కడున్న మగవాళ్ళకి చెప్పాను. నలుగురు పైకి బయల్దేరుతుంటే, మంచులోంచి లివియోనే దిగి వచ్చాడు. మామూలుగా నడుస్తూ.

"ఏమైంది?" అన్నాను.

"ఏముంది? తలుపుకి తాళం. తుప్పు పట్టిపోయింది. గడప మీద కాసేపు కూర్చుని వచ్చేశాను."

"నువ్వు లోపలికి వెళ్ళడం చూశాను లివియో."

నాకేసి జాలిగా చూశాడు. "అక్కడ ఎవరూ లేరు వదినా."

ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. ఇప్పుడు పనికి పోతున్నాడు, కూతురితో ఆడుతున్నాడు. డెల్ఫీనా పేరు మాత్రం ఎత్తడు. మేం ఎత్తితే, ఎవరి గురించో అన్నట్టు వింటాడు.

ఆ రోజు లివియో వేసుకున్న కోటు విప్పితే ఎడమ భుజం మీద తడి. అరచేయంత. ఎవరో అక్కడ ముఖం ఆనించి ఏడ్చినట్టు. వాన పడలేదు కదా అనుకుంటూ పొయ్యి పక్కన ఆరేశాను.

నెల కావస్తోంది. ఇవాళ పొద్దున కూడా చెయ్యి పెట్టి చూశాను.

ఇంకా తడిగానే ఉంది.

వెచ్చగా ఉంది.