చిన్నలైను గేటు మీదుగా

"ఇంజనీరు వెంకటరత్నాన్ని ప్రాణాలతో రాయపూర్ చేర్చాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్ భీమారావు.

1974. నాగపూర్‌లో ఓ మేడగది. వెంకటరత్నం బుర్రలో కొత్త ట్యాంకు ఉక్కు ఫార్ములా ఉంది. కాగితం మీద ఎక్కడా లేదు. అందుకే విదేశీ ముఠాకి ఆయన బతికుండగానే కావాలి.

"ఆరంగ్ దగ్గర మహానది ఇసుకలో ఓ జీపు తిరుగుతోంది. ఎవరి కోసమో తెలీదు."

"ఆయన సెక్రటరీ కమల సంగతి?" అడిగాడు ఏజెంట్ సూరిబాబు.

"డబుల్ ఏజెంట్. చివరికి ఎవరి మనిషో నాకే అంతుబట్టలేదు. నువ్వు వంటవాడివి. మీసం ఊడకుండా చూసుకో."

మధ్యాహ్నానికి ఆ నాలుగు సీట్ల ప్రైవేటు విమానం రాయపూర్ మీదికి వచ్చింది. వెనక ఇంజనీరు, కమల. ముందు పైలట్ పక్కన, ఒళ్లో టిఫిన్ క్యారియరుతో సూరిబాబు.

పైలట్ గేర్ లీవరు కిందికి నొక్కాడు. ఆకుపచ్చ దీపాలు వెలగలేదు. మళ్లీ నొక్కాడు. వెలగలేదు.

"లాండింగ్ గేర్ ఫెయిల్. చక్రాలు దిగడం లేదు. రేడియో కూడా పోయింది," అన్నాడు తాపీగా. "ఆరంగ్ పోదాం. నది ఇసుకలో పొట్ట మీద దింపుతా."

ఆరంగ్! సూరిబాబుకి జీపు ఎవరి కోసమో తెలిసిపోయింది. చేత్తో చక్రాలు దించే హ్యాండిల్ కోసం చూశాడు. ఉండాల్సిన చోట ఖాళీ. జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీసి పైలట్ పక్కటెముకలకి ఆనించాడు. అందులో సిరా ఉండదు, ఒక తూటా ఉంటుంది.

"కంట్రోల్స్ వదులు. రాయపూర్‌లోనే దిగుతున్నాం."

"దించు! చక్రాల్లేకుండా రన్‌వేని గీరావంటే నిప్పంటుకుంటుంది. నీ ఇంజనీరు బొగ్గే!"

సూరిబాబు రెండో చేత్తో తన వైపు కంట్రోల్స్ అందుకున్నాడు. విమానం నడపడం వచ్చు, చక్రాలుంటే దించడమూ వచ్చు. వీడు చెప్పేది నిజమా, నాటకమా? చక్రాలు రెక్కల కింద ఉంటాయి, లోపలి నుంచి కనపడవు. బయట నుంచి ఎవరైనా చూసి చెప్పాలి.

అప్పుడు పిన్ని గుర్తొచ్చింది.

రాయపూర్ విమానాలు దిగే మానా ఏరోడ్రోమ్‌కి ముందు, ధమ్‌తరి వెళ్లే చిన్నలైను (నారో గేజ్) రైలు గేటు. అక్కడ వరహాలమ్మ, బాబాయి పోయాక ఆయన గేటు కాపలా ఉద్యోగంలో చేరిన మనిషి. రైలు పోతుంటే చక్రాలు చూడాలి, బాగుంటే పచ్చజెండా, తేడా ఉంటే ఎర్రజెండా చూపాలి. రైలు చివర గార్డు తిరిగి జెండా ఊపాలి. అది రూలు. పిన్నికి మాత్రం అది పిచ్చి. ఎడ్లబండికీ చూపేది, గేటు మీదుగా దిగే విమానాలకీ చూపేది. రైల్వే కాలనీ అంతా నవ్వేది. సూరిబాబూ నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు. విమానాన్ని గేటు మీదికి, బాగా కిందికి దించాడు.

గేటు పక్కన చిన్న ఆకారం. చేతిలో ఎర్రజెండా, పిచ్చిపట్టినట్టు ఊగుతోంది.

"చెప్పానా?" పైలట్ ఇకిలించాడు.

వెనక నుంచి సెంటు వాసనతో ఓ చెయ్యి ముందుకొచ్చింది. కమల పౌడరు డబ్బీ తెరిచింది. అందులో ఓ ఫ్యూజు.

"గేర్ మోటారుది. ఎక్కేముందు ఈయన పీకి పారేస్తే ఏరుకున్నాను."

"ఇంతసేపూ చెప్పలేదేం?"

"మీరెవరో తెలియాలిగా. పెన్ను తీశాక తెలిసింది. వంటవాడు కాదని మాత్రం నిన్నటి పప్పుతోనే తేలిపోయింది."

కమల ఫ్యూజు బిగించింది. మోటారు మూలిగింది. కాళ్ల కింద ఏదో దడాలుమంది. దీపాలు మాత్రం చీకటిగానే ఉన్నాయి.

"బల్బులూ తీసేశాడు," అంది.

కావచ్చు. లేదా చక్రాలు సగంలో ఆగిపోయి ఉండొచ్చు. ఈమె కూడా వాళ్ల మనిషే అయి, పాడు ఫ్యూజు ఇచ్చి ఉండొచ్చు. పెట్రోలు ముల్లు అడుగంటింది. ఇంజనీరు కళ్లు మూసుకుని సింహాద్రి అప్పన్నని పిలుస్తున్నాడు.

సూరిబాబు మళ్లీ గేటు వైపు తిరిగాడు. ఇంజను ఒకసారి దగ్గింది. చింతచెట్లు దాటాయి. పట్టాలు కనిపించాయి.

పచ్చజెండా! చెయ్యి చాపి, కదలకుండా పట్టుకుని నిలబడింది పిన్ని.

ఆనందంతో సూరిబాబుకి కళ్లు చెమర్చాయి. పెన్ను కమల చేతికిచ్చాడు.

"వీణ్ణి చూసుకోండి. నాకు రెండు చేతులూ కావాలి."

ఆమె పైలట్ మెడకి గురిపెట్టింది. చక్రాలు రన్‌వేని తాకిన క్షణంలోనే ఇంజను ఆగిపోయింది. విమానం తనంతట తానే దొర్లి, కంచె ముందు నిలబడింది.

మర్నాడు సూరిబాబు మీసం లేకుండా, మిఠాయి పొట్లంతో గేటుకి వెళ్లాడు. నిజం చెప్పడానికి లేదు. పిన్ని మండిపడుతోంది.

"నిన్న ఒకడు ఇమానం మీద ఒచ్చినాడ్రా. లాల్ జెండీ సూపినాను. ఎల్లి బాగు సేసుకుని మళ్లీ ఒచ్చినాడు. హరీ జెండీ సూపినాను. తిరిగి సెయ్యయినా ఊపినాడా? నేదు! మీ నాన గార్డుగిరీ సేసినన్నాళ్లూ ఒక్కపాలి జెండీ మరిసిపోనేదు. పద్ధతి నేని ఎదవ!"

"అవును పిన్నీ," అన్నాడు సూరిబాబు తలొంచుకుని. "పద్ధతి లేని వెధవే."