ఆ సీసాలో ఏముంది?

"ఆగరా!"

దాస్తాన్ ఆగడు. తెల్లకోటు విప్పి మంచులోకి విసిరేస్తాడు. చంకలో బ్యాగు. బజారు వైపు ఒకటే పరుగు!

ఉల్బోసిన్ టాక్సీ హారన్ మీంచి చెయ్యి తియ్యదు. బ్రేకు వేస్తే బండి జారుతుంది. అందుకే వెయ్యదు.

ఇన్నేళ్లుగా అల్మాటీ వీధుల్లో టాక్సీ నడుపుతోంది. ఏనాడూ ఇలా నడపలేదు.

ఫోన్ స్పీకర్లో డాక్టర్ గౌహర్ గొంతు.

"దొరికాడా?"

"ఎదురుగానే ఉన్నాడు!"

"త్వరగా తల్లీ! నీ కూతురికి కుడికన్ను పూర్తిగా చీకటైపోయిందట. అందానికని ఇవాళ వాడు ముక్కులోకి ఎక్కించిన జెల్ కంటి రక్తనాళంలోకి పోయింది. కరిగించే మందు నా దగ్గరుంది. కానీ దాన్ని కంటి వెనక్కి గుచ్చాలి... అది ఆషామాషీ కాదు. లోపలున్నది కరిగే సరుకో కాదో తెలియకుండా గుచ్చలేను. సీసా మీద పేరు కావాలి!"

"టైం ఎంతుంది?"

"లేదు."

ఆ గొంతు వెనక... కూతురు కురలాయ్ ఏడుపు.

పోయిన నెల తల్లీకూతుళ్లు ముందు వెళ్లింది ఈ గౌహర్ దగ్గరికే. ఆవిడ కురలాయ్ ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బంగారంలాంటి ముక్కు. నేను ముట్టుకోను. పో!"

బయటికి రాగానే కురలాయ్ మూతి ముడిచింది. "ముసల్దానికి ఫ్యాషన్ ఏం తెలుసు?"

దాస్తాన్ అలా కాదు. నవ్వాడు. "పావుగంట పని చెల్లెమ్మా" అన్నాడు. వాడి గోడ నిండా సర్టిఫికెట్లు. బంగారు అంచులు, ఎర్ర సీళ్లు. ఎందులో ఏం రాసుందో ఇద్దరూ చదవలేదు.

"ఎక్కడ చదివావు బాబూ?" అని ఉల్బోసిన్ అడగనైతే అడిగింది.

"విదేశాల్లో!"

ఏ దేశమని అడగలేదు.

బజారు! ఇనుప కంటైనర్ల మధ్య ఇరుకు సందు. టాక్సీ పట్టదు!

ఫోన్ ఒక చేత్తో, జాకీ రాడ్ ఇంకో చేత్తో పట్టుకుని ఉల్బోసిన్ దూకుతుంది.

"తప్పుకోండి!"

గుర్రపు మాంసం అమ్మే మనిషి చప్పున పక్కకు జరుగుతాడు. "ఏంటమ్మా? దొంగా?"

"డాక్టరు!"

సందు మలుపు. మంచు. జారి మోకాళ్ల మీద పడుతుంది... లేస్తుంది...

చివర ఇనుప గేటు. తాళం!

దాస్తాన్ వెనక్కి తిరుగుతాడు. నిండా పాతికేళ్లు లేవు.

"కొట్టకు పెద్దమ్మా! కావాలని చెయ్యలేదు!"

"ఏం ఎక్కించావురా?"

"నాకేం తెలుసు! నేను ఫోన్లు రిపేరు చేసేవాణ్ణి... ఏదో మూడు రోజుల కోర్సు..."

ధన్!

రాడ్ గేటును తాకుతుంది. వాడి చెవి పక్కనే!

"సీసా!"

వాడు బ్యాగు బోర్లిస్తాడు. సిరంజిలు. దూది. సగం ఖాళీ అయిన చిన్న సీసా.

ఉల్బోసిన్ రాడ్ చంకలో పెట్టుకుని సీసా అందుకుంటుంది. కళ్లు చికిలించి చదువుతుంది. "డాక్టరమ్మా! హయా... హయాలురోనిక్..."

"కరుగుతుంది!" గౌహర్ దాదాపు అరుస్తుంది. "అది కరిగే సరుకే తల్లీ! సిస్టర్, సూది ఇటివ్వు!"

ఉల్బోసిన్ ఫోన్‌ను చెంపకు ఆనించుకుంటుంది.

"విన్నావా నా ఒంటెపిల్లా? కరుగుతుందంట!"

"విన్నానమ్మా..." ఏడుపులోనే చిన్న నవ్వు.

సీసాను గుండెకు హత్తుకోబోతుంది. తడి బొటనవేలి కింద కాగితం జారుతుంది.

లేబుల్ ఊడొస్తోంది!

దాని కింద... ఇంకో లేబుల్.

ఆ పేరు తనకు తెలుసు. చలికాలం వస్తే టాక్సీ తలుపులు బిగుసుకుపోకుండా రబ్బరుకు పూస్తుంది. సిలికాన్ నూనె!

"అది నేను అంటించలేదు!" దాస్తాన్ కూడా గుడ్లప్పగించి చూస్తున్నాడు. "ఒట్టు పెద్దమ్మా! అలాగే అమ్మారు నాకు!"

ఫోన్లో గౌహర్. "కదలకు కురలాయ్. కొంచెం నొప్పెడుతుంది..."

చెబితే ఆశ పోతుంది. చెప్పకపోతే... బిడ్డ కంటి వెనకకు ఉత్తపుణ్యానికి సూది!

"ఆపు!"

"ఏమైంది?"

"ఆపెయ్ డాక్టరమ్మా! లేబుల్ దొంగది! లోపలున్నది సిలికాన్!"

అవతల ఏదో ట్రేలో పెట్టిన చప్పుడు.

"...అది కరగదు తల్లీ."

ఉల్బోసిన్ చంకలోంచి రాడ్ జారిపోతుంది.

ఫోన్లో కురలాయ్ గొంతు.

"అమ్మా... ఎందుకు ఆపమన్నావు? గుచ్చనివ్వాల్సింది..."