ముందస్తు పట్టా

"మెడ కదపకమ్మా, లెక్క తప్పుతుంది," అంది డాక్టర్ చామర్తి విశాలాక్షి.

కెజియా ఊపిరి కూడా బిగబట్టింది. నెత్తిన బోర్లించిన హెల్మెట్లోంచి వైర్లు జడల్లా దిగి, గోడవార ఉన్న బీరువాలాంటి యంత్రంలోకి పోతున్నాయి. యంత్రం నుదుట రెండు దీపాలు. పచ్చది వెలిగితే కెజియా ఈ ఏడు బి.ఏ. ఇంగ్లీషు గట్టెక్కినట్టు. ఎర్రది వెలిగితే గోవిందా.

ఆ రోజుల్లో కాకినాడలో ఇంగ్లీషు మేష్టర్లకి పనిలేదు. చెవిబిళ్ళ పెట్టుకుంటే చాలు, ఎవడు ఏ భాషలో మాట్లాడినా మన చెవిలో తెలుగైపోయేది. మనం తెలుగులో అన్నది అవతలివాడి చెవిబిళ్ళలో వాడి భాషైపోయేది. ఇంకెందుకని బడుల్లో ఇంగ్లీషు పీరియడ్లే ఎత్తేశారు. మన కెజియాకేమో చిన్నప్పట్నుంచీ ఒకటే పిచ్చి. సుద్దముక్క పట్టుకుని పిల్లల ముందు నిలబడాలి, వాళ్ళ నోట ఇంగ్లీషు పలికించాలి. సండేస్కూల్లో చంటిపిల్లలకి ఇంగ్లీషు పాటలు నేర్పిన రుచి మరి, ఊరికే పోతుందా! చలికొండల మధ్య ఎక్కడో బెల్కాన్ అని ఓ దేశం ఉంది. మా పిల్లలు చెవిబిళ్ళల్లేకుండా సొంత నోటితో ఇంగ్లీషు మాట్లాడాల్సిందేనని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టి, పైదేశాల నుంచి టీచర్లని పిలుస్తోంది. కెజియా కోరిక తీరే చోటు భూమ్మీద అదొక్కటే.

చిక్కల్లా డిగ్రీ పట్టాతోనే. అక్కడ బడులు తెరిచేది మన వేసవి మొదట్లో, మన పరీక్షా ఫలితాలొచ్చేది వేసవి దాటాక. పట్టా వచ్చాక దరఖాస్తు పెడదామంటే ఉద్యోగాలు మిగలవు. ముందే పెడితే "పట్టా ఏదీ?" అని తిప్పికొడతారు. అయినా కెజియా కనబడిన ప్రతి బడికీ పెడుతూనే ఉంది. హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే ఝాన్సీ, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట!" అని వెక్కిరించేది.

అదిగో, అప్పుడొచ్చింది విశాలాక్షిగారి యంత్రం. పేరు ముందుచూపు. ఇది చిలక జోస్యం కాదు. మనిషి బుర్ర ఎంతసేపు కుదురుగా ఉంటుందో, చదివింది ఎన్నాళ్ళు నిలుస్తుందో హెల్మెట్ పసిగడుతుంది. చుట్టూ ఉన్న పరిస్థితుల్నీ కలుపుకుని, ఆ మనిషి నకలు చేత కంప్యూటర్లో రాబోయే ఏడాదిని వందలసార్లు బతికిస్తుంది. ఎక్కువసార్లు ఏం జరిగితే అదే మనకి చెబుతుంది. దాని మాట మీద గురి కుదిరాక బెల్కాన్ వాళ్ళు, ముందుచూపు ఇచ్చే ముందస్తు పట్టా అసలు పట్టాతో సమానమేనని చట్టం చేసేశారు.

పచ్చదీపం వెలిగింది. కెజియా కుర్చీలోనే ఎగిరి గంతేసింది. మరుక్షణం అది ఆరిపోయి ఎర్రది వెలిగింది.

"అయ్యో దేవా! ఇదేంటండీ?" అంది కెజియా.

మళ్ళీ పచ్చది. "హమ్మయ్య!" అనేసరికి మళ్ళీ ఎర్రది.

"డాక్టరుగారూ, ఇంతకీ నేను పాసా, ఫెయిలా?"

విశాలాక్షి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పాసవుతావని తెలిస్తే పుస్తకం మూసేస్తావు. మూస్తే ఫెయిలవుతావు. ఫెయిలని తెలిస్తే భయపడి చదువుతావు. చదివితే పాసవుతావు. హెల్మెట్ నీ నెత్తిమీదే ఉంది కదమ్మా, నీకు తెలిసిందల్లా దానికీ తెలుస్తోంది."

"అయితే ఏది నిజమండీ?"

"రెండూ నిజమే."

"రెండూ ఎలా అవుతాయండీ?"

"అదే నాకూ అంతుబట్టడం లేదు," అంది ఆవిడ. అని, పచ్చది వెలిగిన క్షణం చూసి గబుక్కున మీట నొక్కేసింది. పట్టా అచ్చై బయటికొచ్చింది. "పరీక్షలు మాత్రం రాసి మరీ వెళ్ళు. నువ్వు రాస్తావనే లెక్కలో ఇచ్చింది ఇది."

"ఒట్టండీ, రాసే వెళ్తాను."

పట్టా పంపడమే తడవు, ఉన్నపళంగా వచ్చి చేరమని బెల్కాన్ నుంచి కబురు. పరీక్షలింకా మొదలే కాలేదు. రాసి వెళ్ళమని ఝాన్సీ పోరింది. "పాసవుతానని అచ్చేసి ఇచ్చాక మళ్ళీ రాయడమెందుకే?" అంది కెజియా. అన్నదే గానీ మనసులో ఒకటే గజిబిజి. రాయకపోతే పాసవను. పాసవుతానంటే రాస్తానన్నమాట. మరి రాయకుండా పోతున్నానే! ఆలోచించేకొద్దీ బుర్ర గిర్రున తిరిగింది. తిరుగుతున్న బుర్రతోనే విమానం ఎక్కేసింది.

బెల్కాన్ బడి ముచ్చటగా ఉంది. కొత్త బల్లలు, నున్నటి నల్లబల్ల, పెట్టెనిండా సుద్దముక్కలు. పిల్లలే లేరు.

"పిల్లలు ఏరండీ?" అని చెవిబిళ్ళ సర్దుకుంటూ అడిగింది హెడ్మాస్టర్ తుమెన్‌ని.

"వాళ్ళకి ఇంగ్లీషు వచ్చేసినట్టే కదా మేడమ్!" అన్నాడాయన పొంగిపోతూ. "ముందుచూపు యంత్రం మా బడికీ తెప్పించాం. ఏడాది తిరిగేసరికి అందరూ ఇంగ్లీషు దంచేస్తారంది. పట్టాలు పంచేశాం. పట్టా పుచ్చుకున్నవాళ్ళు బడికెందుకొస్తారు?"

"ఎవరు చెబితే వస్తుందని అందండీ వాళ్ళకి ఇంగ్లీషు?"

"ఇంకెవరు, మీరే! మీ పాఠం అంత గొప్పగా ఉంటుందట!"

కెజియాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వరండాలోకి పరుగెత్తి విశాలాక్షికి ఫోన్ చేసింది. "నేను చెబితేనే కదండీ వాళ్ళకొచ్చేది! వాళ్ళే రాకపోతే ఎవరికి చెప్పనండీ?"

"నీ పరీక్షలేమయ్యాయమ్మా?" అంది ఆవిడ.

"సిగ్నల్ సరిగా లేదండీ," అని కెజియా ఫోన్ పెట్టేసింది.

తుమెన్ ఆమెని ఓదార్చాడు. "బెంగెందుకు మేడమ్? పిల్లలు బడికొస్తారో రారో, అదీ యంత్రాన్నే అడుగుదాం." అడిగాడు. పచ్చదీపం వెలిగింది. "చూశారా, వస్తారట! ఇంక మనం పిలవనక్కర్లేదు," అని తీరిగ్గా టీ కాచుకున్నాడు.

కెజియా ఖాళీ బల్లల ముందు నిలబడి ఎదురుచూసింది. ఒక్క పిల్లా రాలేదు. నేను వెళ్ళి పిలుస్తాననే లెక్కలో వస్తారందేమో ఈ మాయదారి యంత్రం అనిపించింది. ఇంత దూరం వచ్చింది సుద్దముక్కలు చూసుకోడానికా! కోటు తగిలించుకుని మంచులో పడి నడిచి, బడికి దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టింది.

ఆ ఇల్లాలు పిండి చేతులతోనే వచ్చి, కూర్చోబెట్టి వేడిపాలిచ్చింది. ఆమె వెనక నుంచి, చెవిబిళ్ళ లేని కొడుకు అల్దార్ తొంగిచూశాడు.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది కెజియా.

వాడు తల్లి వంక చూశాడు. చటుక్కున లోపలికి పరుగెత్తి, ఫ్రేము కట్టిన ముందస్తు పట్టా తెచ్చి కెజియా ఒళ్ళో పెట్టాడు.

"ఇది కాదురా నాన్నా." కెజియా పట్టా మీద పేరు చూసి వాడి గడ్డం పట్టుకుంది. "మై నేమ్ ఈజ్ అల్దార్. ఏదీ, అను."

"మై... నేమ్..." వాడి పెదాలు వంకర్లు తిరిగాయి. "మై నేమ్ ఈ..."

కెజియా కళ్ళు చెమర్చాయి. ఇదే, ఈ మాట కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది.

ఇంతలో తల్లి పిల్లాణ్ణి అక్కున చేర్చుకుని, నొచ్చుకుంటూ అంది: "పాసైన పిల్లాణ్ణి పట్టుకుని మళ్ళీ చదివిస్తారేంటి మేడమ్, పాపం!"