నాలుగో నో

నానక్‌రామ్‌గూడలో ఒక టవర్. దాని వెనక గేటు దగ్గర మహేందర్ సెక్యూరిటీ. ఆ రోజు వాన. గొడుగు లేని అమ్మాయి ఒకతె షేర్ ఆటో దిగి, ఆగకుండా లోపలికి నడిచింది.

"మేడం, ఐడీ కార్డు?"

"రేపిస్తరట. హౌస్‌కీపింగ్‌ల కొత్తగ చేరిన. పేరు రేణుక."

"కార్డు లేకుంటే పోవద్దు. బోర్డు సూడలే?"

రేణుక చూసింది. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ఇంగ్లిషులో ఉంది: నోబడీ నాట్ అలౌడ్ వితౌట్ కార్డ్.

"గిది రాసిందెవరు?"

"నేనే," అన్నాడు మహేందర్, కొంచెం గర్వంగా.

"నోబడీ అంటేనే ఎవ్వరూ వద్దని. మళ్ల నాట్ ఎందుకు? రెండు కాదులు కలిస్తే అవును అయితది, మా బడిల సారు చెప్పిండు. కార్డు లేనోళ్లందరు రాండ్రి అని రాసినవ్ సారూ. బోర్డు మాట ఇన్న. పోతున్న."

పోయింది. మహేందర్ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి అడిగాడు. నిజమే, కొత్తమ్మాయే. మళ్లీ అట్ట వైపు చూశాడు. వాన జల్లుకు నాట్ ఒక్కటే కరిగి కారుతోంది.

తర్వాత కార్డు వచ్చినా రేణుక గేటు దగ్గర ఆగేది.

"ఇయ్యాల బోర్డుల తప్పులున్నయా?"

"నువ్వే సూసి చెప్పు."

తప్పు లేకపోయినా ఇద్దరూ కాసేపు వెతికేవాళ్లు.

ప్రతి బుధవారం మధ్యాహ్నం హెచ్చార్ ఉమాశ్రీ మేడం క్యాంటీన్‌లో స్టాఫ్‌కు ఇంగ్లిషు చెప్పేది. రేణుక ఒక్క క్లాసూ మానలేదు. మహేందర్ డ్యూటీ పడితే మానేవాడు. ఒక వారం అలాగే మానాడు.

ఆ శుక్రవారం సాయంత్రం రేణుక గేటు దగ్గర ఆగింది. బోర్డు వైపు చూడలేదు.

"ఆదివారం నన్ను సూడనీకి ఎవరో వస్తున్రు. నీ మనసుల ఎవరన్న ఉంటే రేపటిలోపు చెప్పు, లేకుంటే ఊకో అన్నది అమ్మ."

మహేందర్ గేటు వదిలి దగ్గరికి వచ్చాడు.

తెలుగులో అడగడానికి ఆమెకు సిగ్గేసింది. ఇంగ్లిషులో అయితే సగం సిగ్గే.

"డోంట్ యూ లైక్ మీ?"

ఇష్టం లేదనుకుంటోందా! మహేందర్ కంగారుగా రెండు చేతులూ ఊపాడు. "నో! నో, నో!"

రేణుక మొహం చిన్నబోయింది. ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మనసులో మాట చెప్పేశానని మహేందర్ మాత్రం ఆ సాయంత్రమంతా నవ్వుతూ గేటు తీశాడు, నవ్వుతూ మూశాడు.

శనివారం రేణుక అతని వైపు చూడకుండా లోపలికి పోయింది. అతనికి అప్పుడు అనుమానం వచ్చింది. ఉమాశ్రీ మేడం రాగానే అడిగాడు.

"మేడం, డోంట్ యూ లైక్ అని అడిగితే నో అనొద్దా?"

"మీకు ఇష్టం ఉందాండీ, లేదా?"

"మస్తు ఉంది మేడం."

"అయితే యెస్ అనాలండీ. తెలుగులో ఇష్టం లేదా అంటే, లేదు లేదు ఇష్టమే అంటాం. ఇంగ్లిషులో అలా కుదరదు. ఎలా అడిగినా సరే, ఉంటే యెస్, లేకపోతే నో. మొన్న బుధవారం చెప్పిన పాఠం ఇదే. ఇంతకీ మీరేమన్నారు?"

"నో అన్న. మూడు సార్లు."

"అయ్యో! ఎవరితోనండీ?"

మహేందర్ క్యాంటీన్ వైపు చూశాడు. మేడంకు అర్థమైంది.

"పరుగెత్తండి మహేందర్ గారూ! గేటు నేను చూస్తాను."

రేణుక బల్లలు తుడుస్తోంది. అతను ఎదురుగా వచ్చి నిలబడ్డా తలెత్తలేదు.

"రేణుకా, నిన్న నేనన్న నో... నో కాదు."

"నాకు చెప్పకు. హఫీజ్‌పేట దాక ఆటోల లెక్క పెట్టుకుంట పోయిన. రెండు నోలు కలిస్తే యెస్ అనుకున్న. ఇంకోటి మిగిలింది. ఎట్ల లెక్క పెట్టినా మిగిలింది."

మహేందర్ ఒక వేలు చూపించాడు.

"అయితే ఇంకోటి తీస్కో," అన్నాడు. "నో."

రేణుక వేళ్లు ముడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లూ ఆగలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. తల్లి చంద్రమ్మ.

"ఏమే, ఏం చెప్పకపోతివి. నీ మనసుల ఎవ్వరు లేరు గదా?"

రేణుక మహేందర్ వైపు చూసింది.

"యెస్," అంది. ఇంగ్లిషును నమ్మి దెబ్బతినడం ఒకసారి చాలనుకుందేమో, వెంటనే తెలుగులో కూడా చెప్పింది.

"ఉన్నడమ్మా."