సీసా అడుగున మడ్డి

ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల గోదాం పైన ఉండేది డిటెక్టివ్ పురుషోత్తం ఆఫీసు. అక్కడికి వచ్చినవాళ్లు ముందు తుమ్మి, తర్వాతే ఏడ్చేవారు. 1974 డిసెంబరులో ఒక మధ్యాహ్నం లీలమ్మ రెండూ కలిపి చేసింది.

"నేను తాగలే సార్! పన్నెండేండ్ల సంది వండిపెట్టిన ఇంట్లకెళ్లి దొంగ అనిపించుకొని పోవాల్నా?"

అసిస్టెంటు సోమశేఖర్ మంచినీళ్లిచ్చాడు. సంగతి ఇది. జహనుమాలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు ఆనందరావు ఇంట్లో ఆమె వంటమనిషి. స్వదేశానికి వెళ్లిపోతూ ఇటలీ ఫాదర్ ఒకరు ఆయనకు 1958 నాటి ఎర్ర వైన్ సీసాలు రెండిచ్చారు. ఈ సాయంత్రమే ఆనందరావు పెళ్లికి ఇరవై ఐదేళ్ల పండగ. రుచి చూద్దామని పొద్దున అల్మారా మీది సీసా తెరిస్తే, లోపల పలచని ఇటుకరంగు వైన్, అడుగున మడ్డి. లీలమ్మే తాగేసి టీ డికాక్షన్ పోసిందని ఆయన తేల్చేశాడు. చుట్టాలొచ్చేలోపు ఇల్లు వదలమన్నాడు.

"నా అడ్రస్ ఎవరిచ్చారు?"

"ఆనందరావు బాపు భార్య, చంద్రమ్మ. రిక్షా పైసలు గూడ ఆమెనే ఇచ్చింది."

"పదవయ్యా శేఖర్, సగం కేసు అయిపోయింది" అన్నాడు పురుషోత్తం. సోమశేఖర్‌కు ఆ సగమూ అర్థం కాలేదు గానీ గురువుగారి మీద భక్తి మాత్రం పెరిగింది.

ఆనందరావు గుమ్మంలోనే అందుకున్నాడు. "గీ రెండో సీసా చూడుండ్రి, ఎంత చిక్కగ, తేటగ ఉందో! దీని మీద ఆమె చెయ్యి వడలే."

పురుషోత్తం మొదటి సీసా వైన్‌ను గ్లాసులో తిప్పి, వాసన చూసి, గుక్కెడు నోట్లో నిలుపుకున్నాడు. ఎండిన గులాబీ వాసన, నాలుక ఆరిపోయే వగరు. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత రెండో సీసా మూతి మీది కొవ్వొత్తి మైనం గోటితో గీకాడు. బిరడా నడిమధ్య పాత చిల్లు ఉంది. తెరిస్తే లవంగం వాసన.

"క్రిస్మస్‌కు మీ ఇంట్లో ద్రాక్ష వైన్ చేసేదెవరు?"

"నా భార్యనే. లవంగాలేసి మస్తు చేస్తది."

పురుషోత్తం అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

"పదేళ్లు మిలిటరీ మెస్సులో వైన్ వడ్డించినవాణ్ణి. ఎర్ర వైన్ ముదిరితే రంగు ఇటుకలా తేలిపోతుంది, మడ్డి దిగుతుంది. మీరు తిట్టిన సీసానే అసలుది. ఇంత తేటగా ఉన్న ఈ రెండోదే నకిలీ. వంటమనిషి తప్పు లేదని గట్టిగా తెలిసి, ఆ మాట చెప్పలేక నా దగ్గరికి పంపినవారు ఒక్కరే. అవునా చంద్రమ్మగారూ?"

చంద్రమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. "పోయిన వారం తుడుస్తుంటే గీ సీసా అడుగున మడ్డి కనవడ్డది. పాడైందనుకున్న. చుట్టాల ముందట మీ ఇజ్జత్ పోతదని మన వైన్ పోసిన. అల్మారి మీదిది నాకు అందలే. అది గూడ గట్లనే పాడైంటదని ఎరికే. చెప్తే నా సంగతి బయటవడ్తదని భయమైంది."

"మరి అండ్ల ఉన్న వైన్?"

"కరివేపాకు చెట్టుకు పోసిన."

ఆనందరావు గుండె పట్టుకున్నాడు. మరుక్షణం పగలబడి నవ్వాడు. అసలు వైన్ ఒక గ్లాసు వంచి తన చేతులతో అందించాడు. "తప్పైంది లీలమ్మా. ముందుగాల నువ్వే తాగాలె."

లీలమ్మ ఒక్క గుక్క తాగి, వేపాకు నమిలినట్టు మొహం పెట్టింది.

"గిందుకా బాపు నన్ను దొంగ అన్నది? దొంగతనమే చేసేదుంటే అమ్మ చేసింది ఎత్తుకపోకపోదునా!"