చెప్పులు వదిలి ఎత్తబడ్డవాళ్ళు

ఛోన్ మల్‌జా. నలభై తొమ్మిదేళ్ళు. ఏ గడప దాటినా, విప్పిన చెప్పుల్ని మొనలు బయటివైపు ఉండేలా తిప్పి పెట్టడం ఆమె అలవాటు.

"వచ్చేటప్పుడే పోయే ఆలోచనా, చెల్లెమ్మా?" అనేవాడు నామ్‌గుంగ్ పాస్టర్. నవ్వుతూనే అనేవాడు. ఆయన నవ్వాడు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. మల్‌జా మాత్రం చెప్పులు తిప్పడం మానలేదు.

గాంగ్‌వన్ కొండల్లో ఉన్న ఆ ప్రార్థనాలయం గురించి కింద ఊళ్ళో అడిగితే ఎవరూ సూటిగా జవాబు చెప్పరు. సూప్ గిన్నెలో చెంచా తిప్పుతూ మాట మారుస్తారు. సోజు సారా రెండో సీసాకి వచ్చాక మాత్రం గొంతు తగ్గిస్తారు... పైన కొండని తొలిచి కట్టిన ప్రార్థన గదులున్నాయట. వాటి వెనక చీకటిపడ్డాక ఒక ఆడది తిరుగుతుందట. తెల్లబట్టలు. విరబోసిన జుట్టు. చెప్పులుండవు— మంచులో ఉత్తకాళ్ళ అడుగులు మాత్రం కనిపిస్తాయట.

రోజూ తిరగదు. గదుల నెత్తిన ఎర్రదీపాల శిలువ వెలిగిన రాత్రే తిరుగుతుంది.

ఆ శిలువ ఎప్పుడు వెలుగుతుందో పైనున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఏడో గదిలో ఎవరినో పెట్టి తాళం వేసిన రాత్రి.

పన్నెండేళ్ళ కిందట లోకం అంతమైపోతుందని పాస్టర్ లెక్క తేల్చాడు. బైబిలు చివర చెప్పిన ముద్రలన్నీ విప్పబడ్డాయి, బూరలన్నీ ఊదబడ్డాయి, ఇక ఉగ్రతపాత్రలు కుమ్మరించడమే తరువాయి అన్నాడు. జనం ఇళ్ళు అమ్ముకుని కొండెక్కారు. బతికుండగానే పరలోకానికి ఎత్తబడేటప్పుడు వేసుకోవడానికి తెల్లని అంగీలు కుట్టించుకున్నారు. కుట్టింది మల్‌జాయే. చెప్పిన రాత్రి అందరూ ఆకాశంకేసి చూస్తూ తెల్లవార్లూ కూచున్నారు. ఆకాశం తెరుచుకోలేదు. తెల్లారింది. ఆకలేసింది.

ఎందుకిలా జరిగిందో పాస్టర్‌కి ఆ మధ్యాహ్నానికే తెలిసిపోయింది. ఎవరో ఆడమనిషి సణుగుడువల్ల. దేవుడి ఉగ్రత ఆలస్యమైనా, తొందరపడినా, దానికి కారణం ఎప్పుడూ వంటింట్లోనే దొరికేది.

ఆ మధ్యాహ్నం దొరికింది ఇమ్ పిల్‌రే. వంట చేసే వితంతువు. "బియ్యం అయిపోతున్నాయి గానీ లోకం అయిపోవడం లేదు" అందట. ఏడో గదిలో వేసి తాళం పెట్టారు.

పొద్దున చూస్తే తాళం తాళంలాగే ఉంది. గడప ముందు చెప్పులు చెప్పుల్లాగే ఉన్నాయి. లోపల మనిషి లేదు.

ఎముకలు కొరికే చలి. చిత్తుగా తాగినవాడు కూడా తడుముకుని చెప్పులు వేసుకునిగానీ బయటికి పోడు. పిల్‌రే ఉత్తకాళ్ళతో ఎక్కడికి పోతుంది? పైకే. ముందురోజు శాపగ్రస్తురాలన్న నోటితోనే పాస్టర్ ఆమెని పరిశుద్ధురాలన్నాడు. ఆమె రబ్బరు చెప్పుల్ని వేదిక పక్కన అద్దాల పెట్టెలో పెట్టించాడు.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అలాగే మాయమయ్యారు. ఒకామె ఏడుస్తూ, ప్రార్థన చేస్తూ లోపలికి వెళ్ళింది కాబట్టి పరలోకానికి పోయింది. రెండో ఆమె పాస్టర్‌ని బండబూతులు తిడుతూ వెళ్ళింది. భూమి నోరు తెరిచి మింగేసింది అన్నారు. ఆమె చెప్పుల్ని తగలబెట్టారు.

మరి ఆ గది వెనకనుంచి అప్పుడప్పుడు వినిపించే చప్పుడు ఎవరిదో... దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

* * *

మల్‌జా కూతురు యేజిన్‌కి పంతొమ్మిదేళ్ళు. చలికాలం నడిమిలో ఒకరోజు పాస్టర్ ఆ పిల్లని తన ఇంట్లో సేవకి పంపమన్నాడు. ఆ ఇంట్లో సేవ అంటే ఏమిటో ఆడవాళ్ళకి తెలుసు. మగవాళ్ళకీ తెలుసు, కాకపోతే వాళ్ళు దాన్ని ధన్యత అనేవాళ్ళు.

"గొప్ప ధన్యత" అన్నాడు మల్‌జా భర్త. ఆయన డీకన్, పాస్టర్ కింద సంఘపెద్ద.

మర్నాడు మధ్యాహ్నం కూరగాయల లారీలో ముల్లంగి గోనెల వెనక యేజిన్‌ని దాచింది మల్‌జా.

"బస్టాండులో మొదటి బస్సు దాకా చూస్తానమ్మా. నువ్వు రాకపోతే నేనే పైకొస్తా."

"వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా."

"విరగ్గొట్టడానికైనా నువ్వు ఉండాలిగా. వస్తా."

ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది. తల్లి పోలిక.

చీకటిపడకముందే సంగతి బయటపడింది. మల్‌జా తను కుట్టిన అంగీ తనే తొడుక్కుని ఏడో గదికి నడవాల్సొచ్చింది. జనమంతా చేతులెత్తి "ప్రభువా" అని ముమ్మారు అరిచారు. ఆ అరుపుల్లో తాళం పడ్డ చప్పుడు కూడా సరిగ్గా వినబడలేదు. తాళం వేసింది భర్తే. వేశాక గట్టిగా లాగి చూసిందీ ఆయనే.

తలుపు సందులోంచి మల్‌జా ఇంకొకటి కూడా చూసింది. ఆయన వంగి, గడప ముందు ఆమె చెప్పుల్ని మొనలు గదివైపు ఉండేలా తిప్పి పెట్టాడు.

నెత్తిన ఎర్రశిలువ వెలిగింది. మంచంతా ఎర్రబడింది.

ఆ గదిలో నిలబడితే తల తగులుతుంది. పడుకుంటే కాళ్ళు చాచడానికి ఉండదు. ఒక చాప, ఒక కొవ్వొత్తి. వెనక గోడమీద, పెద్ద శిలువ చెక్కిన వెడల్పాటి చెక్కపలక కొక్కేనికి వేలాడుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకున్న చెయ్యి మీద మొదటి పాత్ర కుమ్మరించబడుతుందని, ఒళ్ళంతా పుళ్ళు పడతాయని పాస్టర్ చెప్పేవాడు.

తలుపు నెట్టింది. కదల్లేదు. భుజం ఆనించి నెట్టింది. అరిచింది... కొండ అరుపుని మింగేసింది.

ఎంతసేపు గడిచిందో తెలీదు. కాళ్ళు మొద్దుబారాయి. కళ్ళు మూసుకుంటే యేజిన్ కొండదారిలో ఒక్కతే ఎక్కి వస్తూ కనిపిస్తోంది. తెల్లారేలోగా తను కిందికి దిగకపోతే ఆ పిల్ల పైకొస్తుంది. పైకొస్తే ఇక ఎప్పటికీ దిగదు.

ఆమెకి దేవుడంటే భయం. ముప్ఫై ఏళ్ళుగా భయం. ఆ రాత్రి ఆ భయం కూడా గదిలో ఆమె పక్కనే ముడుచుకుని కూచుంది, ఇద్దరికీ చోటు చాలక.

అప్పుడు చూసింది— కొవ్వొత్తి మంట ఒకవైపు వంగుతోంది.

తలుపు సందులోంచి గాలి వస్తే లోపలికి వంగాలి. మంట తలుపువైపు వంగుతోంది. గాలి వెనకనుంచి వస్తోంది. శిలువ వెనకనుంచి...

కొండ కడుపులోంచి ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

మల్‌జా మోకాళ్ళమీద వెనక్కి జరిగి తలుపుకి వీపు ఆనించింది. ఇక జరగడానికి చోటు లేదు.

టక్.

శిలువ కదిలింది.

టక్... టక్.

"ప్రభువా..." అనుకుంది. పలక అంచునుంచి మట్టి కొంచెం రాలి చాపమీద పడింది. తర్వాత గొంతు. ఆడగొంతు. పాతాళంలోంచి వచ్చినట్టు బొంగురుగా—

"చెప్పులు... బయటే ఉన్నాయా?"

మల్‌జాకి జవాబు చెప్పకపోతే ఏమవుతుందో, చెబితే ఏమవుతుందో తెలీదు.

"ఉన్నాయి."

"ఉండనీ. ఎవరు నువ్వు?"

"మల్‌జాని. కుట్టుపని... మల్‌జాని."

తర్వాత సన్నగా నవ్వు. దెయ్యాల నవ్వు గురించి మల్‌జా చాలా విన్నది గానీ, ఈ నవ్వు వింటే ఎందుకో వంటిల్లు గుర్తొచ్చింది.

"అయితే ఆ పలక తియ్యి మల్‌జా. నాకు ఇటునుంచి ఎత్తడం కుదరదు."

"శిలువనా?"

"శిలువనే. పైకెత్తితే కొక్కెంలోంచి వచ్చేస్తుంది."

"ముట్టుకుంటే... ఉగ్రత..."

"ఊఁ. దిగుతుందేమో. నాకు తెలీదు" అంది గొంతు, చాలా మామూలుగా. "నీ ఇష్టం. నా మోకాళ్ళు మాత్రం ఎక్కువసేపు ఆగవు."

మల్‌జా చేతులకేసి చూసుకుంది. సూదులు గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్ళు. ఈ చేతులమీద పుళ్ళు పడతాయి. పడనీ. పుళ్ళు పడ్డ చేతులతోనైనా కూతుర్ని పట్టుకోవచ్చు.

అంగీ కొసతో పలకమీద దుమ్ము తుడిచింది, ఎందుకు తుడిచిందో ఆమెకే తెలీదు. కళ్ళు మూసుకుంది. ఎత్తింది.

ఉగ్రత దిగలేదు. బంగాళాదుంపల వాసన వచ్చింది.

గోడలో ఒక బొరియ. గోనెసంచి పట్టేంత వెడల్పు, పైకి ఏటవాలుగా. అందులో తలకిందులుగా ఒక ముఖం. నెరిసిన జుట్టు వేలాడుతోంది. ముఖం చుట్టూ తెల్లబట్ట.

కొవ్వొత్తి పైకెత్తి చూసింది మల్‌జా.

"పిల్‌రే అక్కా... నువ్వు పరలోకంలో..."

"లోయ అవతలి ఊళ్ళో ఉన్నా. నూడుల్స్ హోటల్ వెనక గిన్నెలు కడుగుతున్నా. ఈ ప్రార్థన గది ఒకప్పుడు మా పెదనాన్న దుంపల కొట్టు. పైనుంచి ఇందులోంచే దుంపలు పోసేవాళ్ళం. మీ పాస్టర్ శిలువ తగిలించి మూశాడు, సరిగ్గా మూసే ఓపిక లేక. రా. ముందు చేతులు పెట్టు."

పాకడం మొదలుపెట్టాక బొరియ మరీ ఇరుకనిపించింది. మట్టి నోట్లోకి వచ్చింది. భుజాలు ఇరుక్కున్నాయి. ఒక క్షణం ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు... అప్పుడు పిల్‌రే చెయ్యి మణికట్టు పట్టుకుంది. చల్లని చెయ్యి. కానీ లోపల నెత్తురున్న చెయ్యి.

"ఆగు. కాళ్ళతో పలక అందుకుని కొక్కేనికి తగిలించు. పరలోకానికి పోయేవాళ్ళు గోడలు పాడుచేసి పోరు."

పాదాలతోనే తడిమి, మూడుసార్లు జారవిడిచి, చివరికి తగిలించింది.

బయట మంచు. ఎర్రవెలుగు. బొరియ మూతి మీద రేకు కప్పి, దానిమీద మంచు చిమ్మింది పిల్‌రే. అప్పుడు మల్‌జా ఆమెని నిండుగా చూసింది. లావుపాటి కోటుమీద తెల్ల అంగీ. జుట్టు నడుందాకా.

"ఈ అంగీ..."

"నువ్వు కుట్టిందే. చంకల దగ్గర బిగువు."

"జుట్టు ఎందుకలా?"

"మగాళ్ళు వెనకపడకుండా. నీ చెప్పుల సైజు ఎంత?"

"రెండొందల ముప్ఫై ఐదు."

పిల్‌రే సంచిలోంచి బొచ్చుబూట్లు తీసింది. "రెండొందల నలభై ఉన్నాయి, కాస్త వదులు. మేజోళ్ళు రెండు జతలు తొడుక్కో."

"నా చెప్పులు తెచ్చుకుంటే—"

"పిచ్చిదానా. ఆ చెప్పులు అక్కడున్నంతకాలం నువ్వు పరలోకంలో ఉంటావు. లేదా నరకంలో. ఎక్కడున్నా నీకోసం ఎవరూ వెతకరు. చెప్పులు లేకపోతే పొద్దున్నే లారీ వేసుకుని బస్టాండుకి వస్తారు."

పన్నెండేళ్ళుగా ప్రసంగాలు విన్నది మల్‌జా. ఇంత తేటగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

సగం వాలు దిగాక కింద లాంతరు కదిలింది. ఒక మగమనిషి ఏడో గది ముందుకి వచ్చాడు. తాళం పట్టుకుని లాగి చూశాడు. అలా లాగే మనిషి ఒక్కడే.

ఏదో చప్పుడైనట్టుంది. తలెత్తి వాలుకేసి చూశాడు. ఎర్రమంచులో రెండు తెల్లని ఆకారాలు.

లాంతరు చేతిలోంచి జారింది. మోకాళ్ళమీద పడ్డాడు.

"యేజిన్ వాళ్ళమ్మా..." రెండు చేతులూ జోడించాడు. "యేజిన్ వాళ్ళమ్మా, నన్ను... నన్నేం చెయ్యకు..."

మల్‌జా ఆగిపోయింది. పాతికేళ్ళ కాపురం. ఆ మనిషి తనని చూసి భయపడటం అదే మొదటిసారి. నోరు తెరవబోయింది.

పిల్‌రే మోచేత్తో పొడిచింది.

"నడువు" అంది గుసగుసగా. "నువ్విప్పుడు దెయ్యానివి. దెయ్యాలు మొగుళ్ళకి జవాబు చెప్పవు."

* * *

మొదటి బస్సు ఇంజన్ వేడెక్కుతుండగా చేరారు. యేజిన్ అప్పటికే కొండదారివైపు రెండు అడుగులు వేసి ఉంది. తల్లి కాళ్ళకున్న బూట్లు చూసి, ముఖం చూసి, ఏమీ అడక్కుండా ఆమె మెడ చుట్టూ తన మఫ్లర్ చుట్టింది. అంగీ అంతా మట్టి. కండక్టర్ అదోలా చూశాడు.

"దుంపలు తవ్వాం" అంది మల్‌జా.

మంచులోనా అని అతను అడగలేదు.

మల్‌జా ఎత్తబడిందని డీకన్ స్వయంగా సాక్ష్యం చెప్పాడట. దేవదూతతో కలిసి గాల్లో తేలుతూ పోవడం కళ్ళారా చూశానన్నాడట. ఆమె చెప్పులు అద్దాల పెట్టెలో పిల్‌రే చెప్పుల పక్కన చేరాయి. అవి పొద్దున ఎలా ఉన్నాయో అలాగే పెట్టారని లారీ నడిపేవాడు కింద ఊళ్ళో చెప్పాడు— మొనలు బయటికి తిరిగి ఉన్నాయట.

డీకన్ ఒట్టుపెట్టి చెబుతాడు, తాను మళ్ళీ వాటిని ముట్టుకోలేదని. పిల్‌రే అయితే ఆ గది ముందువైపుకి ఆ రాత్రే కాదు, పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఎవరు తిప్పారో... ఆ మాట వచ్చినప్పుడు ఇద్దరాడవాళ్ళూ గడప దగ్గరున్న తమ చెప్పులకేసి చూసేవాళ్ళు.

మంచు కరిగేసరికి పిల్‌రేకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆ కొండమీద దెయ్యం మల్‌జాయే.