అత్తగారి తుంటికీలు

ఉదయం పాలు కాగేసరికి కోడలు చెప్పులేసుకుని వర్క్‌షాపుకు పరుగెత్తాలి. ఆ రోజు మాత్రం సెలవు పెట్టింది. అత్తగారికి తుంటికీలు మార్చే ఆపరేషను. ఆస్పత్రిలో చేరాల్సింది ఇవాళే. సర్దిన సంచీ గుమ్మం దగ్గరుంది. అత్తగారు మాత్రం మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"నేను రానమ్మాయ్. ఒంట్లో ఇనపముక్క పెట్టించుకుని ఏం బావుకుంటాను?"

"ఇనుము కాదత్తయ్యా, టైటానియం. మా దగ్గర రోజూ చేసేది ఆ కీళ్లలో తిరిగే గుండ్లేగా!"

"అది తేలికే గానీ రాపిడికి అరిగిపోతుందని నువ్వే అన్నావు. అరిగినదాన్ని తీసి అరిగేదాన్ని పెడతారా? బాగుంది సంబడం!"

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అందుకేగా మా లేజరు! నైట్రోజన్ వదులుతూ కిరణం పెడితే పైపొర కరిగి, ఆ గ్యాసును పీల్చుకుని గట్టిపడుతుంది. బంగారంలా మెరుస్తుంది కూడా."

"అంత గట్టిదైతే పెళుసెక్కి పగలదూ?"

కోడలు గతుక్కుమంది. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"పగులుతుంది. ముందు గుండును వేడిచేసుకోకపోతే సన్నటి పగుళ్లొస్తాయి. మొన్న నా చేతిలోనే ఒకటి పోయింది."

"చూశావా మరి!"

"పక్కన పడేశానత్తయ్యా. వెంట్రుకవాసి గీత, ఇంకెవరికీ కనబడలేదు. మేస్త్రీ చీవాట్లు పెట్టాడు. అయినా ఏ తల్లికి పెడతారో అనుకుంటే పంపడానికి చేతులు రాలేదు."

ఇంతలో మనవడు బుజ్జిగాడు పాకుతూ వచ్చి అత్తగారి వైపు చేతులు చాపాడు. అలవాటు కొద్దీ ఆవిడ వంగబోయి, "అమ్మా!" అని మంచంకోడు పట్టుకున్నారు.

కోడలు వాణ్ణి చంకనేసుకుని భోరుమంది. "వీణ్ణి మోసీ మోసీ ఇలా అయ్యారు. నేను పనిలోకి పోవాలని నొప్పి కడుపులో దాచుకున్నారు. ఆ దిక్కుమాలిన ఉద్యోగం మానేస్తాను!"

"నోర్మూసుకో! నువ్వు మానేస్తే ఆ పగుళ్లు ఎవరు చూస్తారే?" ఆవిడ మనవడి కాలు నిమిరారు. "నాకు పెట్టబోయేదీ నీలాంటి భయస్తురాలు ఎవరో ఒకటికి పదిసార్లు చూసే పంపి ఉంటుందిలే. ఆ తల్లి చల్లగా ఉండాలి. పద, నీ మొగుడు కారు తెచ్చినట్టున్నాడు."

ఎప్పుడూ ఎవరి ఆసరా కోరని మనిషి, కోడలి భుజం మీద చెయ్యేసి, తన బరువంతా మోపి లేచారు. కోడలు కళ్లు తుడుచుకోలేదు. ఒక చేత్తో బిడ్డనూ, రెండో చేత్తో అత్తగారి నడుమునూ గట్టిగా పట్టుకుని గడప దాటించింది.